ఏది వాటి ఊరు

సిద్దిపేట కోమటి చెరువు కట్ట మీద చలికాలపు ఉదయాన నడిచేవారి చూపు వేలాడే వంతెన మీదో, ఏడాది పొడవునా కనిపించే కొంగల మీదో నిలుస్తుంది గాని, నీటి నడుమ తేలే గుంపులో కొత్తగా వచ్చినవేవో పోల్చుకొనేవారు అరుదు. తెలంగాణ చెరువులకు ఈ కాలంలో చేరే వలస బాతులలో, అనగా ఒకచోట గుడ్లు పెట్టి మరొకచోట శీతకాలం గడిపే వాటిలో, షవలర్ దగ్గరగా చూడదగినది. చివర వెడల్పుగా విచ్చుకున్న దాని ముక్కు అంచుల వెంట దువ్వెన పళ్లవంటి సన్నని పొరలుంటాయి, తలను అటూ ఇటూ ఊపుతూ నీటిని పీల్చి వదిలినప్పుడు చిన్న చిన్న పురుగులు, గింజలు వాటిలో చిక్కుకుంటాయి. అంతకంటె అరుదైనది పట్టీతల బాతు. తెల్లని తల మీద రెండు నల్లని పట్టీలు గల ఈ పక్షి మంగోలియా, టిబెట్, లడాఖ్ సరస్సుల వద్ద పిల్లలను పెంచి, హిమాలయాలను దాటి దక్షిణానికి వస్తుంది.

పుట్టిన చోటు ఒకటి, బ్రతుకు సాగే చోటు మరొకటి అయిన ప్రాణికి స్వస్థలమన్నది ఏది? దుబాయి, బొగ్గుబాయి, బొంబాయి అని వలసలను లెక్కపెట్టుకున్న ఈ నేలకు ఆ ప్రశ్న కొత్తది కాదు. చెరువు కూడ, నిజానికి, పొలాల కోసం మనుషులు కట్ట వేసి నిలిపిన నీరే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకం ఎన్నో చెరువుల పూడిక తీయించింది, అది మేలైన పనే. అయితే షవలర్ వంటివి మేసేది లోతు తక్కువైన బురద అంచులలో గనుక, సుందరీకరణ పేరిట ఒడ్డంతా రాయి పరచకుండా కొంత మేర వదిలివేయడం అవసరం. చూడదలచినవారు డిసెంబరు, జనవరి నెలల్లో, బోట్లు కదలకముందే కట్ట మీదికి చేరుకోవాలి.