బండి తాగే నీళ్లు

బాగేపల్లి దాటి బెంగళూరు వైపు వస్తుంటే రోడ్డు పైకెక్కుతున్నట్టు కంటికి తెలియదు. ఏసీ కారులో ఉన్నవాళ్లకి అసలే తెలియదు. బాగేపల్లి సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంటే, చిక్కబళ్లాపురం 900 మీటర్ల పైన ఉంది. ఆ తేడా ఎక్కడా పెద్ద ఘాటుగా కనిపించదు, మెల్లగా పరుచుకుని ఉంటుంది. పాత బండి ఇంజన్‌కి మాత్రం అది తెలుస్తూనే ఉంటుంది. పేరేసంద్ర చేరేసరికి టెంపరేచర్ మీటరు ముల్లు సగం గీత దాటుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం, పైగా వెనక నుంచి గాలి తోస్తుంటే ఇంకాస్త జరుగుతుంది. వెంటగాలి బండికి సాయమని అనుకుంటాం గానీ, రేడియేటర్‌కి కావలసింది ఎదురుగాలి.

మాది పాత మటాడోర్ వ్యాను. వెనక భాగంలో మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము, గిన్నెలకు చిన్న బీరువా అమర్చి ఇల్లు చేసుకున్నాం. జర్మనీ టెంపో కంపెనీ లైసెన్సుతో బజాజ్ టెంపో వాళ్లు ఈ దేశంలో తయారుచేసిన బండి ఇది. తర్వాతి కాలంలో దీనికి మెర్సిడెస్ వారి ఓఎం 616 డీజిల్ ఇంజన్ పెట్టారు. నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు. ప్రపంచంలో ఎన్నో నగరాల్లో టాక్సీలుగా అరిగిపోయేదాకా తిరిగిన మెర్సిడెస్ 240డి కార్లలో ఉన్నదీ ఇదే. మొండి ఇంజన్. సరిగ్గా చూసుకుంటే మనిషిని నడిరోడ్డు మీద వదలదు.

మటాడోర్‌లో ఇంజన్ డ్రైవరు సీటుకూ పక్క సీటుకూ నడుమ, మూత కింద ఉంటుంది. అందుకని వేడెక్కిన సంగతి మీటరు కంటే ముందు ఎడమ కాలి పిక్కకు తెలుస్తుంది. మూత మీద రెగ్జిన్, దాని మీద మడత పెట్టిన గొర్రెబొచ్చు కంబళి వేశాం. చింతామణి, చేలూరు రోడ్లలో పాత ప్రైవేటు బస్సుల్లో సీటు దొరక్క బోనెట్ మీద కూర్చుని వెళ్లినవాళ్లకు ఆ సెగ ఎలాంటిదో చెప్పక్కర్లేదు.

ఎండాకాలం బండి ఆగిపోతే ఎవరైనా మొదట అనే మాట ‘ఎండలు అట్లున్నాయి’. ఎండ పాత్ర లేదని నేననను. డీజిల్ కాలితే పుట్టే శక్తిలో ఇంచుమించు మూడో వంతు బండిని నడుపుతుంది, మరో మూడో వంతు పొగగొట్టం దారిన పోతుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీళ్లలోకి చేరుతుంది. ఆ నీళ్ల వేడిని గాలికి అప్పజెప్పడమే రేడియేటర్ పని. నీళ్లు 90 డిగ్రీలు, బయట గాలి 25 డిగ్రీలు ఉంటే నడుమ తేడా 65. గాలి 40కి చేరితే తేడా 50. అంటే అదే రేడియేటర్, అదే ఫ్యాను, పని మాత్రం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. వాతావరణ శాఖ చెప్పే డిగ్రీలు నీడలోవి. రేడియేటర్ పీల్చేది తారురోడ్డుకు జానెడెత్తున మరిగే గాలిని. దీనికి తోడు ఈ ఎత్తులో నీళ్లు 100కి కాదు, 97 దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత బిగువుగా ఉండి ఒత్తిడి నిలబెడితేనే ఆ లోటు తీరుతుంది. చదరపు అంగుళానికి 7 పౌన్ల ఒత్తిడి పట్టే మామూలు మూత కూడా మరిగే స్థాయిని పది డిగ్రీలకు పైగా పెంచుతుంది. దాని రబ్బరు ఎండిపోయిందంటే అంత రక్షణా పోయినట్టే. వేలు పోసి ఇంజన్ విప్పించే ముందు ఆ రబ్బరును చేతితో తడిమి చూడాలి.

ఇన్ని చెప్పీ, నేరం ఎండది కాదంటాను.

తెలుగునేల మీద పాత బండిలో కాపురం అంటే అందరికీ గుర్తొచ్చేది ఎన్టీఆర్ చైతన్య రథం. 1940 నాటి షెవ్రోలె వ్యాను. 1982 మార్చి 29న పార్టీ పెట్టిన తర్వాత ఆయన దాన్నే ఇల్లు చేసుకుని నెలల తరబడి ఆంధ్రప్రదేశ్ అంతా తిరిగారు. నడిపింది కొడుకు హరికృష్ణ. పడక అందులోనే, స్నానం రోడ్డు పక్కన. సరిహద్దుకు ఇవతల, కర్ణాటకలో ఉన్నా బాగేపల్లి వాళ్లకు ఆయన సినిమాలు సొంత ఇంటివే. 1985లో ఆయన గెలిచిన హిందూపురం ఇక్కడికి పొరుగూరు. ఆ రథం మీద ఆయన నిలబడిన ఫొటో చూసినప్పుడల్లా నా చూపు ముందు గ్రిల్లు మీదికి పోతుంది. 1940లో షెవ్రోలె బండ్లకు వచ్చింది ఆరు సిలిండర్ల, 216 ఘనపు అంగుళాల ఇంజన్. కనెక్టింగ్ రాడ్ల బేరింగులకు నూనె ఒత్తిడితో కాక, చిమ్మితే అందే పాత పద్ధతి. జనం చుట్టుముట్టిన బండి నడక వేగంతోనే కదలాలి. ముందు నుంచి గాలి తోసుకురాదు. ఇంజన్ ఎంత తిరిగితే ఫ్యాను అంతే తిరుగుతుంది. ఇంజన్‌కు ఇంతకంటే కఠినమైన పరీక్ష ఘాట్ రోడ్డులో కూడా ఉండదు. అప్పటికే నలభై ఏళ్లు దాటిన బండి, రాయలసీమ ఎండలోనూ కోస్తా ఉక్కలోనూ తిరిగింది. ఎండ ఒక్కటే ఇంజన్లను చంపేదైతే ఆ బండి జిల్లా సరిహద్దు కూడా దాటి ఉండేది కాదు.

అసలు సంగతి నాకు చింతామణిలో కళ్లారా కనిపించింది. అక్కడ రేడియేటర్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. మా బండి రేడియేటర్‌ని దించి, బ్లో ల్యాంపుతో పై ట్యాంకు చుట్టూ టంకం కరిగించి, ఇత్తడి ట్యాంకును డబ్బా మూత ఊడదీసినట్టు పైకెత్తాడు. కింద వరుసగా సన్నటి చదును గొట్టాల నోళ్లు. వాటిలో సగానికి పైగా నోళ్లే లేవు. తెల్లగా, అంచుల్లో తుప్పు రంగు తిరిగి, సున్నపు పెచ్చు గట్టిపడి మూసుకుపోయి ఉన్నాయి. సన్నటి బద్ద తీసి ఒకదాంట్లో దూర్చాడు. జానెడు కూడా పోలేదు. గోటితో ఒక పెచ్చు గీకి నా అరచేతిలో పెట్టి అన్నాడు:

“ఎండని తిట్టుకుంటారు గానీ, మీరు పోసిండేది నీళ్లు కాదు సామీ, సున్నం.”

ఇది బోర్ల సీమ. పెన్న, చిత్రావతి, పాపఘ్ని, పాలారు నంది కొండల చుట్టుపక్కలే పుట్టినా ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. పాత కోలారు జిల్లా చెరువులకు పేరు. చెరువులు ఎండుతూ వచ్చేకొద్దీ బోర్లు లోతుకు దిగాయి. వెయ్యి అడుగులు దాటిన బోరు ఈ తాలూకాల్లో ఎవరికీ వింత కాదు. అంత లోతు నుంచి, రాతి పొరల్లో ఏళ్ల తరబడి నానిన నీళ్లు కాల్షియం, మెగ్నీషియం మోసుకుని పైకి వస్తాయి. ఫ్లోరైడ్ కూడా వస్తుంది, అందుకే బాగేపల్లి, చింతామణి పల్లెల్లో శుద్ధనీటి కేంద్రాలు వెలిశాయి. నాణెం వేసి క్యాను నింపుకుని జనం ఇంటికి పోతారు. తాము తాగేది ఆ నీళ్లే. బండికి పట్టేది మాత్రం పశువుల తొట్టిలో ఉన్న బోరు నీళ్లు.

కాగు అడుగున తెల్లటి పొర కట్టడం ఈ ప్రాంతపు ఆడవాళ్లందరికీ తెలుసు. వేడికి నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్లు విడిపోయి కార్బొనేట్లుగా గట్టిపడతాయి. ఇంజన్‌లోనూ జరిగేది అదే, కాకపోతే వేడి తగలని చోటే లేదు కాబట్టి సిలిండర్ల చుట్టూ, హెడ్డులో, గొట్టాల్లో అంతటా పేరుకుంటుంది. రాగి వేడిని మోసే శక్తిలో ఈ పెచ్చుకు వందో వంతు కూడా ఉండదు. ఒకసారి నింపిన నీళ్లలో ఉన్న సున్నం కొంచెమే. అసలు నష్టం రోజూ పోసే చెంబుడు నీళ్లతో. ఆవిరయ్యేది నీరు, మిగిలేది సున్నం. మూత రబ్బరు పోయి, హోస్ పైపు చెమర్చి, రోజూ కాస్త తగ్గుతుంటే, రోజూ కాస్త పోసి పని గడిచిందనుకుంటాం. లోపల గొట్టం రోజుకింత ఇరుకవుతూ ఉంటుంది. ఎండాకాలం వచ్చి రేడియేటర్ పనిలో ఆ నాలుగో వంతు కూడా తగ్గేసరికి బండి మొరాయిస్తుంది. ఏడాది పొడుగునా జరిగిన నష్టం ఏప్రిల్‌లో బయటపడుతుంది, పేరు ఎండకి వస్తుంది.

ఇంకో అలవాటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని వైద్యమనుకుంటున్నారు. బండి వేడెక్కుతోందనగానే థర్మోస్టాట్ వాల్వు పీకి అవతల పారేయడం. ఆ వాల్వు ఎందుకుందో ఈ సీమ మనిషి ఒకరి పనితోనే చెప్పొచ్చు. చిక్కబళ్లాపురం పక్కనే ముద్దేనహళ్లి. తెలుగు మాట్లాడే కుటుంబంలో 1861లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఈ దేశంలో కార్ల కర్మాగారం రావాలని 1930ల్లోనే పథకం వేసి పట్టుబట్టిన మనిషి. ఆయన 1903లో పుణె దగ్గర ఖడక్వాస్లాలో పెట్టించిన గేట్లు నీటిమట్టం హద్దు దాటగానే వాటంతట అవే తెరుచుకునేవి, తగ్గగానే మూసుకునేవి. థర్మోస్టాట్ సరిగ్గా అలాంటి గేటు. మట్టం బదులు వేడిని చూసి, 80 డిగ్రీలు దాటాక తెరుచుకుంటుంది. దాన్ని పీకేస్తే డిసెంబరు పొద్దున్నే చిక్కబళ్లాపురం చలిలో ఇంజన్ ఎంతసేపటికీ వేడెక్కదు. డీజిల్ సరిగ్గా కాలదు, సిలిండర్లు అరుగుతాయి. పైగా ఏప్రిల్‌లో మూసుకుపోయిన గొట్టాలు అలాగే ఉంటాయి. వాల్వు పాడైతే కొత్తది వేయించాలి. వేడి నీళ్ల గిన్నెలో వేసి చూస్తే తెరుచుకుంటోందో లేదో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

పెద్దాయన గొట్టాలన్నీ ఒక్కొక్కటిగా బద్దతో తోడి, ట్యాంకు మళ్లీ టంకం పెట్టి ఇచ్చాక బండి వేరే బండి అయింది. చింతామణి టమాట మార్కెట్ దగ్గర లారీల నడుమ ఇరుక్కున్నప్పుడు కూడా ముల్లు సగం గీత దగ్గరే నిలబడుతోంది. ఇప్పుడు మేం పోసేది శుద్ధనీటి కేంద్రం నీళ్లు, వాటిలో కూలెంట్ కలిపి. ఉత్త శుద్ధజలం పోస్తే లోహాన్ని తినేస్తుంది. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందులు ఉంటాయి, అది మరిగే స్థాయిని కూడా కొన్ని డిగ్రీలు పెంచుతుంది. వెనక ఉన్న ఇంటి డ్రమ్ముకూ బండి క్యానుకూ పొత్తు పెట్టం. ఆ క్యాను మీద ‘బండికి’ అని పెయింటుతో రాసి పెట్టాం.

ఎండలో నడిపే తీరు కూడా కొంత మారింది. ఎత్తు మొదలవకముందే గేరు తగ్గిస్తాం. పై గేరులో మూలుగుతూ ఎక్కిస్తే పేలుడు వేడి ఎక్కువ, ఫ్యాను తిరుగుడు తక్కువ. కింది గేరులో ఇంజన్ చప్పుడు పెరిగినా నీళ్ల పంపు, ఫ్యాను రెండూ చురుగ్గా తిరుగుతాయి. ముల్లు మరీ పైకి పోతే చెట్టు నీడన ఆపి, ఇంజన్ ఆపేయకుండా కాసేపు ఐడిల్‌లో ఉంచుతాం. టక్కున ఆపేస్తే పంపు నిలిచిపోయి, హెడ్డు దగ్గరి నీళ్లు అక్కడే మరుగుతాయి. మూత జోలికి మాత్రం పోకూడదు, చెయ్యి ఆనేంత చల్లబడేదాకా. ఆ ఆవిరికి మొహం కాల్చుకున్న క్లీనర్లను లారీ అడ్డాల్లో చాలామందిని చూశాను. ఆ మచ్చలు పోవు.

మే నెలలో జల్లులు పడినప్పుడు ఇంటి మిద్దె మీది నీళ్లు పట్టి దాచాలని ఈసారి గట్టిగా అనుకున్నాం. వాన నీళ్లలో సున్నం ఉండదు. మొదటి జల్లు వదిలేయాలి, దాంట్లో మిద్దె దుమ్మంతా వస్తుంది. రెండో జల్లు నుంచి గుడ్డ కట్టి డ్రమ్ములోకి పట్టొచ్చు. బాగేపల్లిలో మా బండి చూసే మెకానిక్కు కుర్రాడు విని, “నాకూ ఒక క్యాను పట్టి పెట్టన్నా, మా టెంపోకి పోస్తా” అన్నాడు. రెండు క్యాన్లు పడతానని చెప్పాను.