గాలిమాట

సంసారమును బండితో పోల్చుట మన పెద్దలకు వాడుక. భార్యాభర్తలు రెండు చక్రములని పెండ్లిపందిళ్లలో పలుమాఱులు విన్నాము. కాని యా చక్రములలో గాలి యున్నదో లేదో చూడవలసినవా రెవరో మాకెవ్వరును చెప్పలేదు. 2023వ సంవత్సరము జూలై మాసమున నొకరాత్రి, నడిరోడ్డుపై, మేమది నేర్చుకొంటిమి.

మేము పుంగనూరునకు దగ్గఱి పల్లెలో సేద్యము చేసికొని బ్రదుకువారము. పొట్టియావులకు పేరుపడిన సీమ మాది. అయినను ఇప్పుడు మా యిండ్లను నిలుపుచున్నవి టమోటాలు. పండిన పంట మదనపల్లె యంగడికి చేరవలయును. ఆ జూలైలో టమోటా ధర కిలో 100 రూపాయలు దాటి దేశమంతట వార్త యయ్యెను. కొనువారు లేక పండ్లను రోడ్డుప్రక్కల పాఱబోసిన దినములు చూచిన మాకు చేనిలో బంగారము కాచినట్లు తోచెను. ఒక్కొక్క క్రేటు ఇంచుమించు 25 కిలోలు. రెండుమాఱులు పోయినచో డీజిలు దండుగ యని, ట్రాలీలో పట్టినవానిపై మఱి యిరువది క్రేట్లు పేర్పించితిమి. బరువని స్టెప్నీ చక్రమును దింపించితిమి. ఇవి మా వారు చేసినవి కావు, మఱది చేసినవి కావు. ఈ వ్రాయుచున్న మేమే చేయించితిమి.

మా కోడలిది కుప్పము. ఆమె తండ్రి కృష్ణగిరి త్రోవలో పంక్చరుల యంగడి పెట్టుకొని, గ్రానైటు లారీల చక్రములు విప్పుచు బిగించుచు బిడ్డలను చదివించినవాడు. సంబంధము కుదిరిననాడే అది మాకు కొంత చిన్నతనముగా నుండెను. ఆ సాయంకాలము ఆమె ట్రాలీ చుట్టు తిరిగి, యెడమటైరును నొక్కిచూచి, "అత్తా, ఈ టైరు మెత్తగా ఉండాది. పక్కలంతా బీటలు వారింది. గాలి పట్టించుకోని పోదాము, ఇంత లోడు వద్దు" అనెను. కూలివారందఱు వినుచుండగా మేము, "పంక్చరంగడి పిల్లవు గదా, నీవి గాలిమాటలు గాక ఇంకేముంటాయి!" అంటిమి. అందఱును నవ్విరి. ఆమె మాఱు పలుకలేదు.

రాత్రి రెండుగంటలకు బయలుదేరితిమి. మా వారికి జ్వరము. అబ్బాయి ఉద్యోగము బెంగుళూరులో. కావున మఱది ట్రాక్టరు నడుపగా, మేమును కోడలును చెఱియొక మడ్గార్డుపై కూర్చుంటిమి. అదియు తప్పే యని ఇప్పుడు తెలియును. పుంగనూరు దాటిన కొంతసేపటికి తుపాకి ప్రేలినట్లు చప్పుడయ్యెను. ట్రాలీ యెడమకు ఒరిగి ట్రాక్టరును ప్రక్కకు లాగసాగెను. మఱది బ్రేకు త్రొక్కబోవుచుండగా కోడలు, "గట్టిగా తొక్కొద్దు చిన్నమామా! స్టీరింగు బిగించి పట్టుకో, యాక్సిలేటరు వదిలేయి, అదే నిలబడతాది" అని కేక వేసెను. ఆయన యట్లే చేసెను. బండి రోడ్డంచున నిలిచెను. పైక్రేట్లు దొర్లి త్రోవయంతయు టమోటా లయ్యెను. మేము వానిని ఏఱుకొనుటకు దుమికితిమి. ఆమె మా చేయి పట్టి గట్టునకు లాగినది. అత్త చేతి నంత గట్టిగా పట్టుట ఆమెకదియే మొదలు.

మా ట్రాలీ వెనుక ఎఱ్ఱదీపము గాని, వెలుతురు పడినప్పుడు మెఱయు పట్టీ గాని లేదు. ఆమె రెండవచక్రమునకు ముందును వెనుకను పెద్దరాళ్లు అడ్డుపెట్టెను. రోడ్డుపై కొంతదూరము వఱకు రాళ్లను, చెట్టుకొమ్మలను వరుసగా నుంచి, తాను ఇంకను వెనుకకు పోయి, అంచున నిలిచి, ఫోను దీపము నూపుచు వచ్చు లారీలను హెచ్చరించుచుండెను. మఱది యొక పాలవ్యానును ఆపి, పల్లెకు పోయి, స్టెప్నీతోను ఇద్దఱు మనుష్యులతోను వచ్చుసరికి వేకువ కావచ్చెను.

వచ్చినతోడనే జాకీ యెత్తబోయిరి. కోడలు ఒప్పుకొనలేదు. క్రేట్లన్నియు దింపిన పిదపనే యెత్తవలెననెను. వేలము సాగిపోవునని మా ప్రాణము కొట్టుకొనుచుండెను, గట్టిగా కోపపడితిమి. "మా నాయన అంగట్లో జాకీ జారి ఒక పిల్లోనికి నాలుగువేళ్లు పోయినాయి అత్తా. నేను చూసినాను" అని మాత్రమనెను. దింపితిమి. చక్రము నేలపై నుండగనే నట్లను కొంచెము వదులు చేయించి, జాకీక్రింద మందపు పలక వేయించి, ఇరుసును ఎత్తించెను. క్రొత్తచక్రము పెట్టినపిమ్మట నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగింపించెను.

ఇక నందఱమును బండి యెక్కితిమి. ఆమె ఎక్కలేదు. రోడ్డుపై రాళ్లను దొర్లించుచుండెను. "ఆ రాళ్లతో నీకేమి పని, ప్రొద్దెక్కుచున్నది" అని మేము కసరితిమి. కడపటిరాయి ప్రక్కకు పోయి యెంతోసేపు కాలేదు. ఆ మసకచీకటిలో నొక మోటారుసైకిలు వచ్చెను. భర్త నడుపుచున్నాడు, భార్య వెనుక కూర్చున్నది, నడుమ బిడ్డ నిద్రపోవుచున్నది. ఆ రాయి యున్న చోటి మీదుగనే పోయిరి. మేమెవ్వరమును మాటలాడలేదు.

మదనపల్లె చేరుసరికి వేలము ముగియవచ్చెను. వచ్చిన ధరకు విక్రయించితిమి. నలిగిపోయినవి ముప్పదియొక్క క్రేట్లు. లోభముకొలది వేసినవి యిరువది.

ఇంటికి వచ్చి చినిగిన టైరును చూచితిమి. దాని ప్రక్కను నాలుగంకెలు గలవు: 3612. అనగా 2012వ సంవత్సరము 36వ వారమున చేయబడిన దని కోడలు చదివి చెప్పెను. పదునొకండేండ్ల రబ్బరు! పనిలేని నెలలలో ట్రాలీ యెండలో నిలిచియుండును. ఎండకు రబ్బరు బీటలు వాఱును. గాలి తక్కువైన టైరు తిరుగుచున్నంతసేపును ప్రక్కలు మడతపడుచు సాగుచు లోలోన కాగును. బరువు హెచ్చినకొలది ఆ వేడియు హెచ్చును. లోపలి దారముల పొరలు విడిపోయి ప్రేలును. ఇందు విధి చేసిన దేమియు లేదు. గాలిని బయలుదేఱుటకు ముందు, టైరు చల్లగా నున్నప్పుడే కొలిపింపవలయును.

ఇవి మగవారి సంగతులని త్రోసివేయకుడు. 1888లో బెర్తా బెంజు అను జర్మనీదేశపు ఇల్లాలు, భర్తకు చెప్పకయే, ఇద్దఱు కొడుకులను వెంటబెట్టుకొని మోటారుబండిలో 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. ఇంధనపుగొట్టము పూడుకొనగా తన టోపీసూదితో పొడిచి శుభ్రపఱచెను. ఆ కాలముననే బెల్‌ఫాస్టు నగరమున డన్లపు అను పశువైద్యుడు తన బిడ్డని మూడుచక్రముల బండికొఱకు గాలిటైరును చేసెను. ఆ టైరు పుట్టుటయే యొక బిడ్డకొఱకు. దానిని కనిపెట్టి యుండుట తల్లులకేల తగదు?

మేము కోడలికి క్షమాపణ చెప్పలేదు. మా తరము అత్తలకు ఆ మాట నాలుకపైకి రాదు. దసరాకు కుప్పము పోయినప్పుడు ఆమె తండ్రిని గాలి కొలుచు గేజి నొకదాని నడిగితిమి. తాను వాడుకొనుచున్నదానినే తుడిచి యిచ్చి, డబ్బు పుచ్చుకొనలేదు. ట్రాలీకి వెనుక ఎఱ్ఱపట్టీలు అతికించితిమి, స్టెప్నీ దిగదు. బండి కదలుటకు ముందు మేమే, "అమ్మాయీ, నీ గాలిమాట యేమి?" అని యడుగుదుము. ఆమె కొలిచి చెప్పును. ఇప్పుడు నవ్వును గూడ. ఆనాడు కూలివారు నవ్విన నవ్వును మఱచినదో లేదో మేము అడుగలేదు.