మాట రాని వీడియో



పోయిన వేసవిలో వి.బి.ఎస్. ముగిసిన మర్నాడే మన యౌవనస్థులు నలుగురు మా గుమ్మంలో నిలబడ్డారు. "అయ్యగారూ, మన సంఘానికి రీల్స్ చేద్దామండీ" అన్నారు. మేము వెంటనే ఒప్పుకోలేదు. ముప్పై సెకన్లలో ఏం వాక్యం పడుతుందని కాస్త గొణిగాము కూడా. తీరా ఆలోచిస్తే ఫోను ఎలాగూ వాళ్ళ చేతిలోనే ఉంది, దాన్ని ఎటు తిప్పాలో చెప్పడమే మా పని కదా అనిపించింది.

మనది దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం నాటి ఉప్పెన మాట ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డా వినే ఉంటుంది. సుమారు 10,000 మంది పోయారని లెక్కలు చెబుతాయి. మన పెద్దలను అడిగితే అంతకంటే ఎక్కువే అంటారు. మర్నాడు ఆదివారం. ఆరాధనకు గంట కొట్టేవారు లేరు, వచ్చేవారూ లేరు. అప్పటికి ఇరవై ఏళ్ళున్నవాళ్ళు ఇప్పుడు డెబ్బైకి అటూ ఇటూ ఉన్నారు. ఆ రాత్రిని కళ్ళారా చూసినవారు మన సంఘంలో ఏడుగురే మిగిలారు. ఆ ఏడుగురి సాక్ష్యాలు వాళ్ళ నోటితోనే దాచిపెట్టండి, రీల్స్ సంగతి తరువాత చూద్దాము అని పిల్లలతో అన్నాము.

అయితే ఒక షరతు పెట్టాము. మొదటి రెండు వారాలు ఫోను జేబులోంచి బయటికి రాకూడదు. ఆ ఇళ్ళకు వెళ్ళి మంచినీళ్ళ టిన్నులు మోయాలి, మందు బిళ్ళల మీద పేర్లు చదివిపెట్టాలి, పింఛను రోజున తోడు వెళ్ళాలి. సేవ చేస్తూ నేర్చుకోవడం అని సెమినరీలో మాకూ ఒక పాఠం ఉండేది. పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాము. పిల్లలు చేస్తుంటే చూసిన తరువాతే అది అర్థమైంది.

కెమెరా పని నేర్పడం మా వల్ల కాదు. పెళ్ళి వీడియోలు తీసే మన సంఘ కుర్రాడు రెండు శనివారాలు వచ్చి నేర్పాడు. ఫోను అడ్డంగా పట్టుకోవాలి. కిటికీ మనిషి వెనక కాదు, పక్కన ఉండాలి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, ఫ్యాను ఆపాలి. మన సముద్రపు గాలికి కాలరు మైకు మీద పాత మేజోడు ముక్క తొడగాలి. అసలు పని మొదలెట్టే ముందు పది సెకన్లు రికార్డు చేసి ఇయర్‌ఫోన్‌లో విని చూసుకోవాలి. ఈ చివరి మాటను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మొదటి ఇంటర్వ్యూ నాలుగు నిమిషాల్లో ముగిసింది. "మామ్మా, అప్పుడు మీకు చాలా బాధ వేసిందా?" అని ఇంటర్ చదివే అబ్బాయి అడిగాడు. "వెయ్యదూ మరి?" అంది మామ్మ. ఆ తరువాత వాడికి ప్రశ్న దొరకలేదు, ఆమెకు జవాబూ లేదు.

ఆ సాయంకాలం పిల్లలను కూర్చోబెట్టి లూకా సువార్త తెరిచాము. లూకా తాను కళ్ళారా చూడలేదు, చూసినవారిని తరచి తెలుసుకుని రాశాడు. ఆ సువార్త చివరి అధ్యాయంలో ఎమ్మాయు దారి ఉంది. జరిగినదంతా ఎవరికి జరిగిందో ఆ ప్రభువే, ఏమీ ఎరగనివాడిలా వాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పేదాకా విన్నాడు. మధ్యలో అందుకుని తానే చెప్పేయలేదు. మేమైతే మొదటి మాటకే ప్రసంగం మొదలెట్టేవాళ్ళము. (మా ఇంట్లో అమ్మగారు ఈ మాట చదివి నవ్వుతారు.) కాబట్టి బాధ వేసిందా అని అడగొద్దు, ఆ రోజు పొద్దున ఏం వండారో అడగండి, గాలి ఏ వైపునుంచి మొదలైందో అడగండి, జవాబు అయిపోయిందనిపించాక కూడా మనసులో పది లెక్కపెట్టండి అని చెప్పాము.

అది పనిచేసింది. ఒక తాతయ్య తాటిచెట్టును కావలించుకుని తెల్లారేదాకా ఉన్న సంగతి చెబుతూ, చొక్కా ఎత్తి ఛాతీ మీద చెట్టు గీసిన మచ్చలు చూపించాడు. ఆయన కొడుక్కే ఆ మచ్చల సంగతి తెలియదట.

తరువాత ఇంకో మామ్మ దగ్గరికి వెళ్ళారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ప్రశ్నలు అడిగింది. ఆ పిల్ల రెండు నెలలుగా ఆ ఇంటికి నీళ్ళు మోస్తోంది. పొద్దున వండిన చేపల పులుసు దగ్గర మొదలుపెట్టి, చీకట్లో నీళ్ళు మెడదాకా వచ్చి చంకలోని పసిబిడ్డ చేయి జారిపోయినంతవరకూ మామ్మ చెప్పింది. నలభై నిమిషాలు. పిల్లలు నలుగురూ ఏడ్చారు. ఇంటికి వచ్చి చూసుకుంటే బొమ్మ ఉంది, మాట లేదు. మైకు పిన్ను పూర్తిగా దిగలేదు.

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. నవంబరు 19 కూడికలో వీడియో వేస్తామని అప్పటికే ప్రకటించి ఉన్నాము. పక్క ఊళ్ళ పాస్టర్లను కూడా పిలిచాము. "రేపు మళ్ళీ వెళ్ళండి, మామ్మ ఏమీ అనుకోదు" అన్నాము. ఆ అమ్మాయి తల వంచుకుని, "అయ్యగారూ, నేను అడగలేనండీ. బిడ్డ జారిపోయింది మళ్ళీ చెప్పు మామ్మా అని ఎలా అడగనండీ?" అంది. మాకు కోపం వచ్చింది. పని చెడగొట్టిందీ వీళ్ళే, పాఠం చెప్పేదీ వీళ్ళేనా అనుకున్నాము. పైకి అనలేదు గాని మొహంలో కనిపించే ఉంటుంది. ఆ రాత్రి ప్రార్థనకు కూర్చుంటే మాటలు కుదరలేదు. సాక్ష్యం మామ్మది, తొందర మాది.

పొద్దున్నే ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని మేమే వెళ్ళాము. మాట పడలేదమ్మా, మావల్లే తప్పు జరిగింది అని చెప్పాము. మామ్మ కాసేపు ఊరుకుంది. "పోనీలెండి బాబూ. ఎవరికీ చెప్పనిది చెప్పాను, ఈ పిల్ల వింది. చాలు" అంది. మేము లేవబోతుంటే అమ్మాయిని ఆపి, "బిడ్డ పేరు మాత్రం రాసుకోవే. నేను పోతే ఆ పేరు ఎరిగినవాళ్ళు ఉండరు" అంది. ఆ బిడ్డకు ఫొటో లేదు. ఏ కాగితం మీదా పేరు లేదు. నోటుబుక్కులో రాసి చూపిస్తే, మామ్మకు చదువు రాకపోయినా ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. ఆ పేరు ఇక్కడ మేము రాయము. ఆమె ఇచ్చింది మాకు కాదు.

కూడికనాడు చర్చి గోడకు తెల్ల దుప్పటి కట్టి వీడియో వేశాము. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది, అందరూ అలాగే కూర్చున్నారు. ఆ మామ్మ వంతు వచ్చేసరికి, ఆమె ఒప్పుకున్నంతవరకే, మాట లేని ఆ మొహాన్ని ఒక్క నిమిషం చూపించారు. అలా పెడదామన్నది పిల్లలే. సంగీతం పెడదామని మేమంటే వద్దన్నారు, వాళ్ళ మాటే నెగ్గింది.

ఏడుగురిలో ఇంకా ముగ్గురు మిగిలారు. ఒకరు విజయవాడలో కూతురి దగ్గర ఉన్నారు, సంక్రాంతికి వస్తారట. ఒకరికి వినికిడి బాగా తగ్గింది, ప్రశ్నలు పెద్ద అక్షరాలతో అట్టల మీద రాసుకుని వెళ్ళాలని పిల్లలు అనుకుంటున్నారు. మూడో ఆయన ససేమిరా మాట్లాడనన్నారు. అయినా పిల్లలు శనివారం శనివారం ఆయన ఇంటికి నీళ్ళు మోస్తూనే ఉన్నారు, ఫోను తీయడం లేదు. వారి కొరకు ప్రార్థించండి. మీలో ఎవరి దగ్గరైనా వాడని కాలరు మైకు ఉంటే ఆదివారం ఆరాధనకు వచ్చేటప్పుడు తెచ్చి ఇవ్వండి. పాతది పిన్ను దగ్గర ఇంకా వదులుగానే ఉంది.