పడవ కాగితం

పాపికొండలకు మూడుసార్లు పడవమీద వెళ్ళాను. ప్రతిసారీ సరంగును నేనడిగిన ప్రశ్న ఒక్కటే, భోజనం ఎన్ని గంటలకని!

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిపోయాక గానీ చట్టం తిరగేయాలని నాకు తోచలేదు. అప్పటికి అమలులో ఉన్నది ఆవిరి పడవల కోసమని 1917లో చేసినది. అందులో రిజిస్ట్రేషను వేరు, సర్వే వేరు. మొదటిది పడవ ఎవరిదో చెబుతుంది. రెండవది అది నీటిమీదికి వెళ్ళడానికి తగినదా, ఎందరిని ఎక్కించవచ్చు అన్నది చెబుతుంది. ఆ చట్టం కింద సర్వే పత్రం ఆయువు ఏడాదికి మించేది కాదు. పైగా దానిని పడవలో అందరూ చదవగలిగే చోట అంటించి ఉంచాలి. (నా మూడు ప్రయాణాలలోనూ అక్కడ చూసినవి సినిమా తారల బొమ్మలే.) 2021లో వచ్చిన కొత్త చట్టమూ ఈ రెండు పత్రాలనూ నిలిపింది, యంత్రం లేని పడవలను సైతం స్థానికంగా నమోదు చేయమంది.

కిందటేడు అమ్మను వెంటబెట్టుకుని మరొక రేవుకు వెళ్ళినపుడు, మొదటిసారి సర్వే పత్రం చూపమన్నాను. సరంగు నన్ను ఎగాదిగా చూసి, ప్లాస్టిక్ సంచిలోంచి తీసి ఇచ్చాడు. గడువు తీరి 11 రోజులు. అప్పటికే అమ్మ పడవెక్కి, అంచున చోటు చూసుకుని కూర్చుంది. దిగమన్నాను. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.