గంటకి ఎంత పడింది?

పోయిన సంవత్సరం మా కాలేజీలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే కుర్రాడొకడు ఒక చిన్న వీడియో ఆట మీద తను రాసిన అభిప్రాయం నాకు చూపించాడు. మొత్తం నాలుగు వాక్యాలు. ఆట బాగానే ఉన్నదిట. కత్తి తిప్పటం చేతికి హాయిగా ఉన్నదిట. కాని 6 గంటల్లో అయిపోయిందిట, ఇచ్చిన డబ్బుకి గిట్టుబాటు కాలేదుట. అంచేత ఇంకొకరికి సిఫార్సు చెయ్యడుట.

నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. కళను గజాల లెక్కన కొలిస్తే నాకు మండుతుంది. "కథ మంచిదో చెడ్డదో పేజీకి ఎంత పడిందో చూసి తేలుస్తావా? ఇదేం విమర్శ? బట్టల కొట్టు బేరం!" అని కేకలేశాను. వాడు కాస్సేపు ఊరుకుని, "కథల పుస్తకమైతే లైబ్రరీలో ఉంటుంది మాస్టారూ" అన్నాడు.

దానికి నేను జవాబు చెప్పలేదు. జవాబు చెప్పవలసిన మాట అని కూడా అనుకోలేదు.

ఈ పత్రిక చదివే విద్యార్థులకు నేను చెప్పబోయే ఆటలు తెలిసే ఉంటాయి. ఉపాధ్యాయులకు మాత్రం రెండు ముక్కలు చెప్పాలి. 'పాతాళభైరవి' చూసినవారికి వీటి వరస అర్థం కావటం కష్టం కాదు. ఒక వీరుడు నేలమాళిగలోకి దిగుతాడు. గదిగదికీ ప్రమాదం, గదిగదికీ నిధి. తేడా అల్లా ఏమంటే ఈ తోటరాముడు మాటిమాటికీ చస్తాడు. చచ్చినప్పుడల్లా మళ్ళీ మొదటి మెట్టు నుంచి దిగాలి. దిగి చూస్తే పాత గదులుండవు, నేలమాళిగ కొత్తగా తయారై ఉంటుంది. 1980లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, శాంటాక్రూజ్‌లో, మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే ఇద్దరు విద్యార్థులు చేసిన 'రోగ్' అనే ఆటతో ఈ వరస స్థిరపడింది. అందులో బొమ్మలు లేవు. రాక్షసులు ఇంగ్లీషు అక్షరాలు, వీరుడు ఈమెయిల్ చిరునామాలో వచ్చే చుట్ట గుర్తు. అది బర్క్‌లీ వారి యూనిక్స్‌తో పాటు ఎన్నో విశ్వవిద్యాలయాల కంప్యూటర్లకు చేరింది.

ఈ వరస చిన్నవాళ్ళ చేతికి ఎందుకు చిక్కిందంటే, ఇద్దరు మనుషులు వెయ్యి గదులు చేత్తో గియ్యలేరు. గది ఎట్లా కట్టాలో కంప్యూటరుకి సూత్రం రాసి ఇవ్వగలరు. 2011లో వచ్చిన 'బైండింగ్ ఆఫ్ ఐజాక్' ఎడ్మండ్ మెక్‌మిలెన్, ఫ్లోరియన్ హింసల్ అనే ఇద్దరి పని. లూకా గలాంటే అనే ఆయన దాదాపు ఒంటి చేత్తో మొదలుపెట్టి 2021 డిసెంబరులో 3 డాలర్లకి అమ్మకానికి పెట్టిన 'వాంపైర్ సర్వైవర్స్' 2023లో బ్రిటిష్ అకాడమీ వారి ఉత్తమ ఆట బహుమతి పొందింది. ఈ కథ అందరూ చెబుతారు. లాటరీ కొట్టు ముందు గెలిచినవాడి ఫోటో కట్టినట్టు.

ఈ ఆటలకు పెద్ద దుకాణం స్టీమ్, అమెరికాలోని వాల్వ్ అనే కంపెనీది. 2024లో ఆ దుకాణంలోకి 18 వేలకు పైగా కొత్త ఆటలు వచ్చాయి. ఆటని అక్కడ పెట్టటానికి ముందు 100 డాలర్లు కట్టాలి. ఆట 1,000 డాలర్లు ఆర్జిస్తే అవి తిరిగి వస్తాయి. అమ్మిన ప్రతిదానిలో నూటికి 30 దుకాణానిది. 2018 నుంచి, కోటి డాలర్లు దాటి అమ్మిన ఆటకి ఆ పైన వచ్చే దానిలో నూటికి 25, 5 కోట్లు దాటితే 20 తీసుకుంటారు. అంటే బలిసినవాడికి కమిషను తగ్గుతుంది, బక్కవాడు పూర్తిగా ఇచ్చుకుంటాడు. ధాన్యం కమిషను కొట్టు చూసినవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు.

2013 చివర నుంచి ఈ దుకాణంలో కొన్నవాళ్ళు తమ అభిప్రాయం రాయవచ్చు. బొటనవేలు పైకి, లేదా కిందికి. మధ్యలో ఏమీ లేదు. అభిప్రాయం పక్కన, రాసినవాడు ఎన్ని గంటలు ఆడాడో దుకాణమే వేస్తుంది. పది అభిప్రాయాలు చేరేదాకా ఆట మీద ఏ ముద్రా పడదు. చేరాక నూటికి ఇన్ని అనే లెక్కన "చాలా అనుకూలం" అనో, "మిశ్రమం" అనో ముద్ర. అదిగాక 2015 జూన్ నుంచి, 14 రోజుల్లోగా, 2 గంటలకు మించి ఆడకుండా ఆట వాపసు చేస్తే డబ్బు తిరిగి ఇస్తారు. కొనేవాడికి ఇది మంచి రక్షణే. మోసపు సరుకు కూడా అక్కడ చాలా ఉంది.

కాబట్టి గంటల లెక్క మా కుర్రాడి బుర్రలో పుట్టింది కాదు. అయితే ఇదంతా నాకు తర్వాత తోచిన ఆలోచన. అప్పుడు నాకున్నది వాడితో వాదించి గెలవాలన్న పట్టుదల ఒక్కటే. ఆ రాత్రే ఆ ఆట నేనూ కొన్నాను. ధర 480 రూపాయలు. ఇద్దరు మనుషులు మూడేళ్ళు కూచుని చేసిన ఆట అని దాని పరిచయంలో రాసి ఉంది. పేరు చెప్పను, వాళ్ళకి నా వల్ల ఇప్పటికే ఒకసారి నష్టం జరిగింది.

నేలమాళిగలో ఒక్కొక్క అంతస్తు చివరా ఒక పెద్ద రాక్షసుడుంటాడు. ఆటగాళ్ళు వాణ్ణి బాస్ అంటారు. ఆ మాట ఊరికే రాలేదనుకుంటాను. మొదటి బాస్ నన్ను పదకొండుసార్లు చంపాడు. పక్కకి దూకే బటన్ నొక్కితే నా మనిషి అరక్షణం ఆలస్యంగా దూకినట్టు తోచింది. గడియారం చూశాను. గంటా నలభై నిమిషాలయింది. ఇంకో ఇరవై నిమిషాలు ఆడితే నా 480 రూపాయలు తిరిగి రావు. నేను ఆట ఆపేసి, వాపసు అడిగి, పడుకున్నాను. కారణం రాయమంటే "సరదాగా లేదు" అన్నది ఎంచుకున్నాను.

మర్నాడు వాడు, "ఎట్లా ఉంది మాస్టారూ?" అని అడిగాడు. "బాగుంది" అన్నాను.

ఆ అబద్ధం నన్ను చాలా రోజులు తిన్నది. తప్పు చేసినవాడు సాక్ష్యాలు వెతుక్కున్నట్టు, రాత్రిళ్ళు కూచుని ఇటువంటి ఆటల మీద ఆటగాళ్ళు రాసిన అభిప్రాయాలు వందలకొద్దీ చదివాను. సగం హాస్యాలు. చాలావాటిలో "కష్టం", "చిన్నది", "ఖరీదు" అన్న మూడు మాటలే ఉంటాయి. కాని మధ్యమధ్య కొన్ని నన్ను నిలబెట్టేశాయి. ఎవడో పేరు లేనివాడు, ఫలానా ఆయుధం చేతికొస్తే మిగతా ఇరవై ఆయుధాలూ ఎందుకు దండగ అయిపోతాయో, మూడో అంతస్తులో గదులు ఇరుకైనప్పుడు ఆట ఇచ్చిన చురుకుతనం ఎట్లా పనికిరాకుండా పోతుందో విడమరిచి రాస్తాడు. వాడు వస్తువునీ రూపాన్నీ విడదియ్యకుండా చూస్తున్నాడని వాడికి తెలియదు. మన సమీక్షకుల్లో చాలామందికి ఆ ఓపిక లేదు, నన్నూ కలుపుకునే అంటున్నాను.

ఇంకొక సంగతి కూడా కనిపించింది. కెనడాలో రెడ్ హుక్ అనే చిన్న సంస్థవారి 'డార్కెస్ట్ డంజన్' ఉంది. సగం తయారైన ఆటని 2015 ఫిబ్రవరిలో అమ్మకానికి పెట్టి, 2016 జనవరికి పూర్తిచేశారు. ఇందులో ఆడేవాడు వీరుడు కాడు, పాడుబడిన జమీకి వారసుడు. తాతల నేలమాళిగల్లోకి తను దిగడు. ఇతరుల్ని దింపుతాడు. గుర్రబ్బండిలో వారంవారం కొత్తవాళ్ళు వచ్చి చేరతారు, వాళ్ళని రప్పించుకోవటానికి దమ్మిడీ ఖర్చు లేదు. చీకట్లో, చావుల మధ్య వాళ్ళ మనసులు చెదురుతాయి. చెదురుబాటుకీ అంకె ఉన్నది; అది 100 అయితే మతి తప్పవచ్చు, 200 అయితే గుండెపోటు. ఈ గుండెపోటునీ, చచ్చిన శత్రువుల శవాలు దారికి అడ్డంగా పడి ఉండటాన్నీ 2015 జులైలో కొత్తగా చేర్చారు. ఆటగాళ్ళు మండిపడ్డారు. ఇష్టం లేనివారు వాటిని తీసేసుకునే వీలు చెయ్యక తప్పలేదు.

ఆ కోపాన్ని నేను కాదనను. ఆటలో అదృష్టం పాలు మరీ ఎక్కువైందని వాళ్ళ ఫిర్యాదు. కాని అదే ఆటగాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే సలహా ఒకటుంది: కొత్తగా వచ్చినవాళ్ళని దివిటీ కూడా ఇవ్వకుండా కిందికి దింపు, దొరికిన నిధి పట్రానీ, మతి తప్పినవాళ్ళని పంపించెయ్యి, వైద్యానికి డబ్బు తగలెయ్యకు. ఇది చెప్పేవాళ్ళు దుర్మార్గులు కారు. నేనూ అట్లాగే ఆడాను, లాభసాటిగానే ఉంది. జమీందారు స్థానంలో కూచోపెడితే జమీందారు బుద్ధులు ఎంత త్వరగా వస్తాయో ఇన్నేళ్ళుగా నేను చదివిన నవలలు నాకు చెప్పాయి గాని, నా చేత చేయించలేదు. అభిప్రాయాల్లో దీన్ని గురించి రాసినవారు నాకు అరుదుగా కనిపించారు.

స్పెయిన్‌లో డిజిటల్ సన్ వారి 'మూన్‌లైటర్' (2018) ఇంకో రకం. విల్ అనే కుర్రాడు రాత్రి నేలమాళిగలో దిగి సరుకు తెస్తాడు, పగలు దుకాణం తెరిచి అమ్ముతాడు. ఏ వస్తువు ఎంతకి అమ్మాలో ఎవరూ చెప్పరు. తనే ఒక ధర పెడతాడు. కొనవచ్చినవాడి నెత్తిమీద చిన్న మొహం బొమ్మ లేస్తుంది. మొహం వెలిగిపోతే ధర మరీ తక్కువ పెట్టాడన్నమాట. ముడుచుకుంటే ఎక్కువ. ఆ సరుకు కోసం విల్ ఎన్ని దెబ్బలు తిన్నాడో ఆ మొహంలో ఎక్కడా కనిపించదు. కొన్నాళ్ళకి ధరలన్నీ తెలిసిపోయి దుకాణంలో చెయ్యటానికి ఏమీ మిగలదని చాలామంది ఆటగాళ్ళు విసుక్కున్నారు. న్యాయమైన విసుగే. కాని ఆ మొహాలు చూస్తున్నప్పుడు నాకు గంటా నలభై నిమిషాల దగ్గర ఆగిపోయిన నా మొహం గుర్తొచ్చింది.

అన్ని ఆటలూ ఇట్లా మొహాలు చూసే తయారుకావు. ఫ్రాన్స్‌లో బోర్డో నగరంలో మోషన్ ట్విన్ అని ఒక సంస్థ ఉంది. 2001లో పుట్టింది. అది కార్మికుల సహకార సంఘం. అందరికీ ఒకే జీతం, నిర్ణయాల్లో అందరికీ ఒకే ఓటు. కొద్దిమంది కూచుని 'డెడ్ సెల్స్' అనే ఆట చేశారు. 2017 మేలో సగం ఆటని అమ్మకానికి పెట్టి, ఆటగాళ్ళు చెప్పింది వింటూ 2018 ఆగస్టుకి పూర్తిచేశారు. మార్పుల జాబితాలు ప్రకటించినప్పుడు ఆటగాళ్ళ సూచనతో వచ్చిన మార్పు ఏదో గుర్తు పెట్టి చూపేవారు. ఇక్కడ అభిప్రాయం ముద్ర కాదు, పనిలో ఒక చెయ్యి. అయితే దీన్ని స్వర్గంగా చిత్రించే ఉద్దేశం నాకు లేదు. ఆట లక్షలకొద్దీ అమ్ముడుపోయి పని పెరిగాక, సమాన జీతాల సంఘాన్ని పెంచటం వాళ్ళకి వీలుకాలేదు. 2019లో ఈవిల్ ఎంపైర్ అనే వేరే సంస్థ పెట్టి, ఆట కొనసాగింపు దానికి అప్పగించారు. అది మామూలు కంపెనీ. మంచి పేరే పెట్టుకున్నారు.

చివరికి ఒకరోజు క్లాసు అయిపోయాక కుర్రాణ్ణి ఆపి, ఆట వాపసు చేసిన సంగతి చెప్పాను. వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"నేను సాయంత్రాలు జిరాక్సు కొట్లో పనిచేస్తాను మాస్టారూ. గంటకి నలభై ఇస్తారు. ఆ ఆట కోసం పన్నెండు గంటలు మిషను దగ్గర నిలబడ్డాను. ఆరు గంటల్లో అయిపోయింది. వాపసు చేద్దామంటే రెండు గంటలు ఎప్పుడో దాటిపోయాయి, బాగుంది గదా అని ఆడేశాను. అదే రాశాను," అన్నాడు.

బాగుండబట్టే వాడికి డబ్బు తిరిగి రాలేదు. సరదాగా లేదన్న నాకు వచ్చింది. అవతల ఇద్దరి మూడేళ్ళు, ఇవతల వీడి పన్నెండు గంటలు, నడుమ నూటికి 30. వీడు తన లెక్క దాచకుండా రాశాడు. నేను నా లెక్కకి సౌందర్యశాస్త్రం కప్పాను. వాడి అభిప్రాయంలో లోపం లేకపోలేదు. అవతలి ఇద్దరి లెక్క అందులో లేదు. ఆ మాటే చెప్పాను, ఈసారి కేకలెయ్యకుండా. "వాళ్ళ లెక్క నాకెవరు చెబుతారు?" అన్నాడు. దుకాణంలో మనం ఆడిన గంటలు వేస్తారు గాని, వాళ్ళు చేసిన గంటలు ఎక్కడా వెయ్యరు.

ఆట మళ్ళీ కొన్నాను. నాలుగో గంటలో తెలిసింది: బటన్‌లో ఆలస్యం ఏమీ లేదు. బాస్ గొడ్డలి ఎత్తినప్పుడు కాదు, వాడి భుజం కదిలినప్పుడే దూకాలి. ఇది తెలియటానికి నాకు పట్టే కాలం రెండు గంటల గడువులో ఇమడదు. ఇప్పటికి పదకొండు గంటలు ఆడాను, రెండో బాస్ దగ్గర చస్తూనే ఉన్నాను. కుర్రాడి లెక్కన నాకు వాడికంటే చవగ్గా పడింది.

తర్వాత నా అభిప్రాయం రాసి, పైకి పోయే బొటనవేలు నొక్కాను. వాడికి చూపిస్తే, "చాలా పొడుగైంది మాస్టారూ, ఎవరూ చదవరు" అన్నాడు. తన కింది బొటనవేలు మాత్రం మార్చలేదు. నేనూ మార్చమని అడగలేదు. అంతకుముందు ఆ ఆటకి తొమ్మిది అభిప్రాయాలే ఉన్నాయి. నాది పదోది కావటంతో మొదటిసారి దాని మీద ముద్ర పడింది: "మిశ్రమం".