కడుపులో కాపురం

‘క్రిములు’ అనగానే మనకి ముందుగా గుర్తొచ్చేది ఫినాయిల్ సీసా. పాలు పొంగించి గానీ దించం, తాగే నీళ్ళు కాచి చల్లారుస్తాం, పిల్లలు మట్టిలో ఆడొస్తే చేతులు కడుక్కోమని వెంటపడతాం. ఇవన్నీ చెయ్యాల్సిందే, కాదనను. కానీ మీ కడుపులో, నా కడుపులో, ఉయ్యాల్లో పడుకున్న పసిగుడ్డు కడుపులో కూడా కోటానుకోట్ల క్రిములు హాయిగా కాపురం ఉంటున్నాయనీ, వాటిని తరిమేస్తే ముప్పు మనకేననీ అంటే ఏమంటారు? “చాల్లే, చోద్యం!” అంటారు కదూ!

చోద్యమే మరి. శాస్త్రజ్ఞులు 2016లో వేసిన లెక్క ప్రకారం ఒక మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటుంది. మన సొంత కణాలేమో 30 లక్షల కోట్లు. అంటే ఇల్లు మన పేరున ఉన్నా, అందులో అద్దెకున్న వాళ్ళే ఎక్కువన్నమాట. అంత మందినీ కలిపి తూచితే మాత్రం ఓ 200 గ్రాములకి మించరు. వీళ్ళలో చాలామంది మకాం పెద్దపేగులోనే.

మరి వీళ్ళు ఇచ్చే అద్దె ఏమిటి? మనం తినే కూరల్లో, పప్పుల్లో, పళ్ళలో పీచు ఉంటుంది కదా, దాన్ని అరిగించుకునే శక్తి మన పొట్టకి లేదు. అది అలాగే పెద్దపేగులోకి దిగుతుంది. అక్కడ ఈ క్రిములు దాన్ని పులియబెట్టి, తాము తిని, బ్యుటిరేట్ లాంటి ఆమ్లాల్ని తయారుచేస్తాయి. మన పెద్దపేగు గోడకి అదే ముఖ్యమైన ఆహారం. కె విటమినూ, కొన్ని బి విటమిన్లూ కూడా ఇవి తయారుచేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, చెడ్డ క్రిములొస్తే కాలు పెట్టడానికి చోటు లేకుండా ఇవే జాగా అంతా ఆక్రమించుకుని కూర్చుంటాయి. వీధి తలుపు దగ్గర మంచం వేసుక్కూర్చున్న మామ్మగారిలాగా!

తల్లిపాల సంగతి వింటే మీకు ఇంకా ఆశ్చర్యమేస్తుంది. చనుబాలలో కొన్ని రకాల చక్కెరలున్నాయి. వాటిని బిడ్డ అరిగించుకోలేదు. మరి బిడ్డకి పనికిరానిది తల్లి పాలలో ఎందుకున్నట్టు? బిడ్డ పేగులో పెరిగే బైఫిడో బాక్టీరియా కోసం! తల్లి ఒకే పాలతో బిడ్డకీ, బిడ్డ పొట్టలో కాపురానికీ కూడా వడ్డిస్తోందన్నమాట. వీలున్న ప్రతి తల్లీ మొదటి ఆరు నెలలూ చనుబాలే ఇవ్వాలని డాక్టర్లు అంతగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ఇక ఈ కాపురం చెదిరిపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం. మా అత్తగారికి 70 దాటాయి. పన్ను వాస్తే పళ్ళ డాక్టరు అయిదు రోజులకి యాంటీబయోటిక్ రాశాడు. వాపు ఇంకా కాస్త మిగిలిందని ఆవిడ ఎవరితోనూ చెప్పకుండా వీధి చివర మందుల షాపుకి వెళ్తే, అక్కడి అబ్బాయి చీటీ కూడా అడక్కుండా “ఇది ఇంకా స్ట్రాంగు మామ్మగారూ” అంటూ మరో రకం బిళ్ళలు చేతిలో పెట్టాడు. అవి అయిపోయిన నాలుగో రోజున మొదలయ్యాయి విరేచనాలు. రోజుకి పది పన్నెండు సార్లు. మజ్జిగ అన్నం, సగ్గుజావ, దానిమ్మ తొక్క కషాయం... ఏదీ ఆపలేదు. మూడో రోజుకి మంచం దిగలేకపోయారు. ఆస్పత్రిలో చేర్పించి సెలైన్ ఎక్కించారు.

విరేచనం పరీక్షలో తేలింది, అది క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి పని అని. నోరు తిరగదు గనక డాక్టర్లు ‘సి. డిఫ్’ అంటారట. యాంటీబయోటిక్ మందుల తర్వాత వచ్చే పేగు జబ్బుకి ఈ క్రిమి కారణమని 1978లోనే కనిపెట్టారు. మాకు డాక్టరమ్మ విడమర్చి చెప్పింది: “పైరు ఒత్తుగా ఉన్న చేలో కలుపు లేవదు. మందు కొట్టి పైరంతా చంపేస్తే, మిగిలిన కలుపు ఏపుగా పెరుగుతుంది. మీ అత్తగారి పేగులో జరిగిందదే.” ఆ క్రిమికి పనిచేసే మందు వేరే ఉంది. అది వాడాక తగ్గింది. కానీ ఆవిడ గోడ పట్టుకోకుండా నడవడానికి నెల పట్టింది. పెద్ద వయసు వాళ్ళలో ఇది ప్రాణాల మీదికి కూడా తెస్తుందన్న మాట విన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

ఈ జబ్బు కొందరికి తగ్గినట్టే తగ్గి మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంది. అలాంటివాళ్ళకి చేసే వైద్యం వింటే ‘ఛీ’ అంటారేమో, అనకండి. ఆరోగ్యవంతుల మలాన్ని పరీక్షలు చేసి, కలిపి, వడగట్టి, ఆ ద్రావణాన్ని రోగి పేగులోకి పంపిస్తారు. అంటే కొత్త కాపురం పెట్టిస్తారన్నమాట! 2013లో నెదర్లాండ్స్‌ డాక్టర్లు ప్రకటించిన పరిశోధనలో ఇలా చేసిన 16 మందిలో 13 మందికి ఒక్క విడతలోనే నయమైంది. మామూలు మందు మాత్రమే వాడిన 13 మందిలో నలుగురికే నయమైంది. 2023లో అమెరికా ప్రభుత్వం ఇదే పద్ధతిలో తయారైన మింగే గొట్టం బిళ్ళలకి అనుమతి కూడా ఇచ్చింది. అయితే ఇది పెద్దాసుపత్రిలో, నిపుణుల చేతిలో జరగాల్సిన పని. ఇంటి వైద్యం కాదు సుమా!

అలాగని యాంటీబయోటిక్కులన్నీ చెడ్డవనుకునేరు! టైఫాయిడ్‌కీ, న్యుమోనియాకీ అవి ప్రాణదాతలు. డాక్టరు రాస్తే చెప్పినన్ని రోజులూ వాడి తీరాలి. కానీ జలుబుకీ, మామూలు ఫ్లూ జ్వరానికీ కారణం వైరస్. దాని మీద ఈ మందులు పనిచెయ్యవు. జలుబు దాని దారిన అది పోతుంది, కడుపులో కాపురం మాత్రం చెదురుతుంది. మళ్ళీ కుదురుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

సరే, ఈ కాపురాన్ని చల్లగా చూసుకోవడం ఎలా? ఖర్చేమీ లేదు, అంతా మన వంటింట్లోనే ఉంది. ‘ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదు’ అన్నారు పెద్దలు. ఉల్లిలో, వెల్లుల్లిలో ఉండే ఇన్యులిన్ అనే పీచు ఈ క్రిములకి పండగ భోజనం. కందిపప్పు, పెసలు, అలసందలు, చిక్కుళ్ళు, తోటకూర, గోంగూర, జొన్నరొట్టె, రాగిసంకటి, జామపండు... వీటన్నిటిలోనూ పీచు ఉంది. రకరకాల క్రిములకి రకరకాల పీచు కావాలి గనక రోజూ ఒకే కూర కాకుండా మారుస్తూ ఉండండి. పెద్దవాళ్ళు రోజుకి 400 గ్రాముల కూరగాయలూ, 100 గ్రాముల పళ్ళూ తినాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. ఇంటిల్లిపాదికీ వడ్డించి, మిగిలిన చారుతో భోజనం ముగించే తల్లుల్లారా, ఆ లెక్క మీక్కూడా వర్తిస్తుంది! ఇంతవరకూ పీచు తక్కువ తినేవాళ్ళు మాత్రం మెల్లమెల్లగా పెంచండి, లేకపోతే కడుపుబ్బరం. ఉల్లి, పప్పులు పడనివాళ్ళు డాక్టర్ని అడిగి తినండి.

ఇక పెరుగు. తోడు పెట్టిన పెరుగులో బతికున్న బాక్టీరియా ఉంటుంది. అది పేగులో స్థిరపడదు, చుట్టంచూపుగా వచ్చి నాలుగు పనులు చేసిపెట్టి వెళ్ళిపోతుంది. అందుకే ఒకనాడు గిన్నెడు తినే కన్నా రోజూ ఒక కప్పు మేలు. మజ్జిగపులుసు మరిగిస్తాం గనక అందులో అది బతకదు. ఇడ్లీ పిండి పులిసేదీ బాక్టీరియా వల్లే అయినా ఆవిరికి అదంతా చచ్చిపోతుంది. అయినా ఇడ్లీకేం లోటు లేదు. పులియడం వల్ల తేలిగ్గా అరుగుతుంది.

ఈ మధ్య ‘మంచి బాక్టీరియా’ పేరుతో అమ్మే గొట్టం బిళ్ళల ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. అందరికీ అవి అవసరం లేదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ సంస్థ వాళ్ళు 2018లో ప్రకటించిన పరిశోధనలో, యాంటీబయోటిక్ వాడాక అలాంటి బిళ్ళలు మింగినవాళ్ళలో సొంత క్రిములు తిరిగి కుదురుకోవడం ఆలస్యమైందట! డాక్టరు రాస్తేనే వాడండి.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. 2014 మార్చి 1 నుంచి మన దేశంలో చాలా రకాల యాంటీబయోటిక్కులు అమ్మితే షాపువాళ్ళు డాక్టరు పేరూ, రోగి పేరూ రిజిస్టర్లో రాసుకోవాలని నిబంధన ఉంది. చీటీ అడగకుండా ఇస్తే అది మనకి చేస్తున్న ఉపకారం కాదు. ఈ మధ్యాహ్నం పని తెమిలాక మీ ఇంట్లో మందుల డబ్బా ఒకసారి కింద బోర్లించి చూడండి. వెనక నిలువుగా ఎర్ర గీత ఉన్న అట్టలు కనిపిస్తే, అవి డాక్టరు చెప్పకుండా వాడకూడనివి. పోయినేడాది మిగిలిన నాలుగు బిళ్ళలు ఈ ఏడాది జ్వరానికి పనికొస్తాయని దాచకండి. ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళుంటే, వాళ్ళ దిండు కింద కూడా చూడండి!