భయం తగ్గేదాకా

మాది రాజమండ్రి. గోదావరి అవతల, కొవ్వూరు దాటాక ఒక ఊళ్ళో హైస్కూలు లెక్కల మాస్టారిని. 1974 నుంచి ఉన్న రోడ్ కం రైల్ బ్రిడ్జి మీదుగానే రోజూ బడికి వెళ్ళేవాణ్ణి. పైన రోడ్డు, కింద రైలు. పొడవు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. ఏళ్ళ తరబడి బస్సులో పేపరు చదువుకుంటూ దాటాను.

2018 ఆగస్టులో ఒక ఉదయం బస్సు బ్రిడ్జి మధ్యలో ఆగిపోయింది. ముందు లారీ చెడిపోయిందట. గోదావరి ఎర్రనీళ్ళతో నిండుగా ఉంది. కింద రైలు వెళ్తుంటే బ్రిడ్జి అదిరింది. అది రోజూ అదిరేదే. ఆ రోజు మాత్రం నా గుండె దడదడలాడింది. ఒళ్ళంతా చెమట. ఊపిరి చాలలేదు. వేళ్ళకు, మూతి చుట్టూ తిమ్మిర్లెక్కాయి. గుండెపోటే అనుకున్నాను. పక్కనున్న సోషల్ మాస్టారి చెయ్యి పట్టుకుని “పోతున్నానండీ” అన్నాను. బస్సులో మా బడి పిల్లలున్నారు. వాళ్ళు చూస్తున్నారని తెలుసు. అయినా ఏడుపు ఆగలేదు.

కొవ్వూరులో దింపి, ఆయనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ బాగానే ఉంది. దసరాలోపు ఆ దడ మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఎకో, ట్రోపోనిన్, థైరాయిడ్ అన్నీ చేయించాను. అన్నీ నార్మల్. ఒక డాక్టరు గ్యాస్ అన్నారు. ఇంకొకరు టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఎలా తగ్గించుకోవాలో చెప్పలేదు. మా అత్తగారు దిష్టి తీశారు.

దసరా తర్వాత ఆ బ్రిడ్జి మానేసి, గామన్ బ్రిడ్జి మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాను. దాని కింద రైళ్ళుండవు. కొన్నాళ్ళు హాయిగా ఉంది. తర్వాత అక్కడా వచ్చింది. అప్పుడు మా ఆవిడ స్కూటీ మీద దింపేది. ఆమె వెనక కూర్చుని బడి గేటు దాకా వెళ్ళడం నామోషీగా ఉండేది. అదీ కుదరక మెడికల్ లీవు పెట్టాను.

సంక్రాంతి నాటికి స్నానాల గది గడియ పెట్టుకోవడం మానేశాను. లోపల పడిపోతే ఎవరు తీస్తారని భయం. రాత్రుళ్ళు నాడి పట్టుకుని లెక్కపెట్టుకుంటూ పడుకునేవాణ్ణి. మా ఆవిడ బజారుకెళ్తే తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడేవాణ్ణి. ఏడో తరగతి చదివే మా అబ్బాయి “నేనుంటాలే నాన్నా” అని పుస్తకాలు తెచ్చుకుని నా పక్కన కూర్చునేవాడు. సిగ్గేసేది. అయినా ఆడుకోవడానికి వెళ్ళరా అని అనలేకపోయాను.

ఫిబ్రవరిలో మా ఆవిడ సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది. ఎవరైనా చూస్తారని చివరి పేషెంటుగా వెళ్ళాను. ఆయన రిపోర్టులన్నీ ఓపిగ్గా చూసి, “మీకు వస్తున్నవి పానిక్ ఎటాక్స్” అన్నారు. ప్రమాదమేదో వచ్చిందనుకుని ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది. అందుకే గుండె వేగం, చెమట. గాలి చాలదని గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. తిమ్మిర్లు, తల తిరగడం అందువల్లే. మామూలుగా ఎటాక్ పది నిమిషాల్లోపే పూర్తిగా పెరిగి, ఆపైన దానంతటదే తగ్గుతుంది. “మీరు తగ్గేదాకా ఉండటం లేదు. దిగిపోతున్నారు. దిగబట్టే బతికానని మీ మనసు లెక్క రాసుకుంటోంది” అన్నారు. ఆ లెక్క నాకు అర్థమైంది.

ఎస్సిటలోప్రామ్ తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. మొదటి వారం వికారం, గాభరా ఎక్కువయ్యాయి. అలా ఉండొచ్చని, గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు కాబట్టి మానలేదు. క్లోనాజెపామ్ కొద్ది రోజులకే ఇచ్చారు. అది అలవాటవుతుందని హెచ్చరించారు. మింగడం మానేసినా ఆ మాత్రల స్ట్రిప్పును మాత్రం తాయెత్తులా చొక్కా జేబులో పెట్టుకు తిరిగాను.

మార్చి నుంచి సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. మొదట కుర్చీలో కూర్చోబెట్టి, ఒక నిమిషం గబగబా ఊపిరి పీల్చమన్నారు. అవే తిమ్మిర్లు, అదే దడ. బ్రిడ్జి లేదు, నీళ్ళు లేవు, రైలు లేదు. నా వేళ్ళకు తిమ్మిరి నేనే తెప్పించుకున్నాను. కాసేపటికి పోయింది. చాలా భయపడ్డాను, కానీ మొదటిసారి నమ్మకం కలిగింది కూడా అక్కడే.

వేసవి సెలవుల్లో మెట్టు మెట్టుగా సాధన చేశాం. ముందు బ్రిడ్జి మొదట్లో నిలబడటం. తర్వాత మా ఆవిడతో స్కూటీ మీద దాటడం. తర్వాత బస్సు. షరతు ఒకటే. భయం ఎక్కువగా ఉన్నప్పుడు వెనక్కి తిరగకూడదు, తగ్గేదాకా ఉండాలి. జూన్‌లో బడులు తెరిచాక సోషల్ మాస్టారు పక్క సీట్లో కూర్చున్నారు. “ఏం కాదు” అని నాకు ధైర్యం చెప్పొద్దని సైకాలజిస్టు ఆయనకు ముందే చెప్పారు. నేను చెమటలు కక్కుతుంటే ఆయన పేపరు చదువుకున్నారు. అది ఆయనకెంత కష్టమో తర్వాత తెలిసింది. చివరికి జేబులో స్ట్రిప్పు లేకుండా, ఒంటరిగా వెళ్ళాను. భయం వేసింది. తగ్గింది. కొవ్వూరు వచ్చింది.

కరోనాకు బడులు మూసి, 2020 నవంబరులో తెరిచినప్పుడు ఆ భయం మళ్ళీ వచ్చింది. నెలల తరబడి బ్రిడ్జి దాటకపోవడమే కారణం. మొదటి మెట్టు నుంచి మళ్ళీ చేశాను. ఈసారి త్వరగా సర్దుకుంది. తర్వాత డాక్టరు చెప్పినట్టు మాత్రలు కొంచెం కొంచెంగా తగ్గించి ఆపాను.

ఇప్పటికీ ఎప్పుడైనా బస్సు మధ్యలో ఆగితే గుండె ఒకసారి కొట్టుకుంటుంది. కొట్టుకోనిస్తాను.

సోషల్ మాస్టారికి, చిన్నతనంలోనే నాకు తోడు కూర్చోవాల్సి వచ్చిన మా అబ్బాయికి, నామోషీ పడకుండా నన్ను మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళిన మా ఆవిడకు రుణపడి ఉన్నాను.

మీకూ ఇలా జరిగితే, మొదటిసారి తప్పకుండా గుండె పరీక్షలు చేయించుకోండి. ఛాతీలో నొప్పిని భయమేలే అని వదిలేయకండి. గుండె బాగుందని తేలాక, దారులు మార్చుకుంటూ నాలాగా నెలలు పోగొట్టుకోకండి. మాత్రలు సొంతంగా ఆపకండి. ఎవరిని అడగాలో తెలియకపోతే టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.